ఆర్మూరు నుంచి శ్రీనగర్‌కు బట్టల మూట

మా ఆర్మూరుకు ఏ దిక్కునుంచి వచ్చినా ముందు కనపడేవి నల్లని బండలు. ఎవరో పనిలేని రాక్షసుడు ఒకదానిమీద ఒకటి పేర్చి, నిలబడతాయో లేదో చూసి పోయినట్టుంటాయి. ఆ గుట్టను సిద్ధులగుట్ట అంటారు. పైన నవనాథ సిద్ధేశ్వరుని గుడి ఉన్నది. గుడిదాకా ఎక్కి కిందికి చూస్తే పసుపుచేలూ, ఎర్రజొన్న చేలూ, వాటి మధ్యగా తాడు పరిచినట్టు పోయే పెద్దరోడ్డూ కనిపిస్తాయి. పూర్వం ఈ రోడ్డుకు 7వ నెంబరు ఉండేది. ఇప్పుడు 44. పొడవు 3,700 కిలోమీటర్లకు పైగానే. దక్షిణంగా పోతే కన్యాకుమారి చేరుతుంది. ఉత్తరంగా పోతే, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ మీదుగా, నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ అన్నీ గడిచి శ్రీనగర్‌లో ఆగుతుంది. మా ఊరి పసుపు ఎక్కే రోడ్డూ, కాశ్మీరు ఆపిల్‌పళ్ళు దిగే రోడ్డూ ఒకటే!

ఆపిల్‌పళ్ళ లారీ ఒకటి ఆ ఏడు నవంబరులో పెర్కిట్ కూడలి దగ్గర హోటలు ముందు ఆగింది. నేను మా మేనల్లుడినీ, మేనకోడలినీ వెంటబెట్టుకుని టీ తాగటానికి పోయాను. వాడికి పదేళ్ళు, దానికి పదమూడు. లారీ డ్రైవరు బనీను మీద కూర్చుని విసనకర్రలాగా అట్టముక్క ఊపుకొంటున్నాడు. ఆయన వెనక సీటుమీద మోకాళ్ళు దాటేటంత పొడుగు ఉన్ని చొక్కా ఒకటి, దానిమీద స్వెట్టరు, దానిమీద మామూలు చొక్కా పడి ఉన్నాయి.

"ఇవన్నీ మీవేనా?" అని మావాడు తనకు వచ్చిన హిందీలో అడిగాడు.

"నావే బాబూ! పొడుగుచొక్కా జమ్మూ దిగాక తీశాను. స్వెట్టరు ఆగ్రాలో తీశాను. చొక్కా ఇదుగో, ఇక్కడ తీశాను," అన్నాడాయన.

మా మేనకోడలు కొంచెంసేపు ఆలోచించి, "మామా, మనం పోయేటప్పుడు ఇవన్నీ తిరగేసి తొడుక్కోవాలన్న మాట!" అన్నది. ఎందుకంటే 2023 సంక్రాంతి సెలవుల్లో మేము శ్రీనగర్ పోవాలని అప్పటికే అనుకొని ఉన్నాము.

ప్రయాణం దగ్గరపడ్డది. మా ఇంట్లో ట్రంకుపెట్టె తెరవగానే యుద్ధం మొదలయింది. ఆర్మూరులో పుట్టి పెరిగినవాడికి చలి అంటే ఏమి తెలుసు? జనవరిలో తెల్లవారుజామున నాలుగు గంటలకు పసుపు ఉడికించే పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు వీపుకు కొట్టే గాలి తెలుసు. అంతే. అందుకని ఇంట్లో ఎవరికి తోచినవి వారు తెచ్చి పెట్టెలో పడవేయసాగారు. మావాడు రెండు జీన్సు లాగులు పెట్టాడు. దళసరిగా ఉంటాయి కనక చలి ఆపుతాయని వాడి లెక్క. మా చెల్లెలు నూలు బనీన్లు డజను పెట్టింది. ఆరు జతల మేజోళ్ళు పెట్టి, "రెండేసి జతలు తొడగండి," అన్నది. చివరికి మా అమ్మ అటకమీదినుంచి ఒక నల్లటి గొంగడి దించి తెచ్చింది.

"ఇది పెట్టుకోండి కొడుకా, ఇంకేమీ అక్కర్లేదు," అన్నది.

పిల్లలిద్దరూ ముక్కులు మూసుకున్నారు. గొంగడి వాసన మీకు తెలియకపోవచ్చు. మా వైపు కురుమలు దక్కని జాతి నల్లగొర్రెల బొచ్చు కత్తిరించి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి దీన్ని నేస్తారు. ఒంటికి గుచ్చుకుంటుంది. బరువు. కాని గొర్రెలకాపరి వానలో దాన్ని తలమీద ముసుగులాగా మడిచి వేసుకుంటే, నీరు చాలాసేపటిదాకా లోపలికి దిగదు. రాత్రి అదే పక్క, అదే దుప్పటి.

"గొంగడి వేడి పుట్టిస్తుందా అమ్మమ్మా?" అన్నాడు మావాడు.

"పుట్టించకపోతే మీ తాత అరవై ఏళ్ళు ఎట్లా కప్పుకున్నాడురా?"

ఈ మాట తేల్చటానికి నేనొక పని చేశాను. ఇది మీరూ చేసి చూడవచ్చు. ఒకే ఎత్తు మంచుగడ్డలు రెండు తీసి, ఒకటి పళ్ళెంలో ఉంచాను. రెండోది పలచని సంచిలో వేసి గొంగట్లో చుట్టచుట్టాను. "ఏది ముందు కరుగుతుంది?" అని అడిగాను. "గొంగట్లోదే! అది వెచ్చన కదా," అన్నాడు మావాడు. మా అమ్మ కూడా వాడి పక్షమే. పళ్ళెంలో గడ్డ పూర్తిగా నీరయిపోయిన తరవాత గొంగడి విప్పి చూస్తే, అందులోది ఇంకా గోలీకాయంత మిగిలి ఉన్నది. ఇద్దరూ తెల్లబోయారు.

బట్టకు వేడి పుట్టించే శక్తి లేదు. పొయ్యి మన ఒళ్ళే. తిన్న తిండి లోపల మండుతూ ఒంటిని సుమారు 37 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. బట్ట చేసేదల్లా ఆ వేడిని పారిపోనీయకపోవటం. బయటి వేడిని మంచుగడ్డ దగ్గరికి రానీయనిదీ, ఒంటి వేడిని బయటికి పోనీయనిదీ ఒక్క గొంగడే! అయితే నిజమైన కావలివాడు ఉన్ని కూడా కాదు, ఉన్ని పోగుల సందుల్లో చిక్కుకుని కదలలేక నిలిచిపోయిన గాలి. గొర్రెబొచ్చు పోగు తిన్నగా ఉండదు, వంకరటింకరగా ఉంటుంది. అందుచేత ఎంత అదిమినా నడుమ గాలి మిగులుతుంది.

"అయితే ఎవరెస్టు ఎక్కేవాళ్ళు గొంగడి కప్పుకుంటారా?" అని మా మేనకోడలు నవ్వింది. ఆ పిల్ల ఎవరెస్టు మాట ఎత్తటానికి కారణం ఉన్నది. మా జిల్లాలోనే సిరికొండ మండలంలో పాకాల అనే పల్లె ఉన్నది. ఆ ఊరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డది. అంత చిన్నవయసులో అక్కడికి చేరిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. ఖమ్మం జిల్లానుంచి వచ్చిన ఆనంద్‌కుమార్ కూడా ఆమెతోబాటే ఎక్కాడు. భువనగిరి కోటబండమీద ఎక్కటం నేర్చుకున్న పిల్లలు వాళ్ళు! తరవాత డార్జిలింగులో, లడఖ్ చలిలో శిక్షణ పొందారు. 2022 జూన్‌లో అలాస్కాలోని దెనాలి ఎక్కటంతో పూర్ణ ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ ముగించింది. ఆమె పేరు మా ఇళ్ళల్లో పిల్లలకు నిద్రలో కూడా వస్తుంది.

ఆ శిఖరాలెక్కేవారు బాతు మెత్తటి ఈకలు కూరిన దుస్తులు తొడుగుతారు. ఈకల మధ్యా ఉండేది గాలే. గొంగడికీ ఈకల కోటుకూ తేడా బరువులోనే ఉన్నది కాని, చేసే పనిలో లేదు. ఈ మాట వినగానే మా అమ్మ గొంగడి మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. నేను జీన్సూ, నూలు బనీన్లూ తీసేయమన్నాను. మావాడు ముఖం ముడుచుకున్నాడు. సరే, దారిలో మాట అని ఊరుకున్నాను. అది నా తప్పు.

కాజీపేటలో రైలెక్కాము. మా మేనకోడలు లారీ డ్రైవరు లెక్కను మరిచిపోలేదు: నాగపూర్ దాటాక స్వెట్టరు, ఢిల్లీ పొగమంచులో దానిమీద గాలి దూరని కోటు, జమ్మూలో ఉన్ని టోపీ. జమ్మూనుంచి రోడ్డున బయలుదేరాము. ఈ రోడ్డే మా పెర్కిట్ రోడ్డని అనుకుంటే ఏదో చుట్టపుచూపుకు పోతున్నట్టు ఉన్నది. చెనానీ దగ్గర తొమ్మిది కిలోమీటర్ల సొరంగం దాటాము. అది 2017లో తెరిచారు. బానిహాల్ చేరేసరికి కొండచరియ విరిగి ముందు దారి మూశారు. బళ్ళన్నీ బారులుతీరి నిలబడ్డాయి. రోడ్డు పక్కన మోకాలిలోతు మంచు!

మావాడిని ఆపటం ఎవరి తరం? గంటసేపు మంచులో దొర్లాడు, ఉండలు చేసి విసిరాడు, పరుగెత్తాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. ఒంటిమీద ఉన్నది నూలు బనీను, కాళ్ళకు జీన్సు. బూట్లలో రెండు జతల మేజోళ్ళు కుక్కి ఉన్నాడు. పొద్దువాలింది, గాలి లేచింది. వచ్చి బండిలో కూర్చున్నాడు. కాసేపటికి పళ్ళు టకటకలాడసాగాయి. ఆ తరవాత మాట ముద్దముద్దగా వచ్చింది. పెదవులు నీలంగా మారాయి. "నిద్ర వస్తున్నది మామా," అన్నాడు. నాకు గుండె జారిపోయింది.

నేను చేసిన మొదటి పని ఒక కోటు తెచ్చి వాడిమీద కప్పటం. మా బండి నడిపే కాశ్మీరీ ఆయన దాన్ని లాగి పారేసి, "ముందు తడిబట్టలు విప్పండి!" అని కేక పెట్టాడు. ఆయన మాటే సరి. నూలు చెమటను పీల్చుకుని వదలదు. నిలిచిన గాలికంటే నీరు సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. ఆపైన ఆ తడి ఆరుతూ ఇంకా వేడిని తీసుకుపోతుంది. ఎండాకాలం కుండలో నీరు చల్లబడటం ఇందువల్లనే. తడిబనీను మీద పది కోట్లు కప్పినా కుండమీద గుడ్డ కప్పినట్టే. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకు దిగితే ప్రాణానికే ముప్పు.

జీన్సు విప్పటానికి ఇద్దరం పట్టవలసివచ్చింది. కాలివేళ్ళు రాళ్ళలాగా చల్లగా ఉన్నాయి. రెండు మేజోళ్ళు బూటులో ఇరుక్కుని లోపలి గాలిని బయటికి నెట్టేశాయి, నెత్తురును కూడా సరిగా ఆడనీయలేదు. ఇరుకుబూటులో రెండు మేజోళ్ళకన్న వదులుబూటులో ఒక ఉన్నిమేజోడు వెచ్చన! పొడిబట్టలు తొడిగి, పెట్టె అడుగునుంచి గొంగడి లాగి వాడికీ నాకూ కలిపి చుట్టాము. డ్రైవరు ఎక్కణ్ణుంచో చక్కెర ఎక్కువ వేసిన వేడి టీ తెచ్చి కొంచెంకొంచెంగా తాగించాడు. చేతులు రుద్దబోతే వద్దన్నాడు. ఒక గంట గడిచాక మావాడు కళ్ళు విప్పి, "మామా, గొంగడి గుచ్చుకుంటున్నది," అన్నాడు. అంత చక్కని ఫిర్యాదు నేనెన్నడూ వినలేదు.

అప్పటికి కాశ్మీరులో చిల్లై కలాన్ నడుస్తున్నది. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల పెద్దచలికి అక్కడివారు పెట్టిన పేరది. దాని తరవాత చిల్లై ఖుర్ద్ ఇరవై రోజులు, చిల్లై బచ్చా పది రోజులు - అన్న, తమ్ముడు, పసిబిడ్డ అన్నట్టు! శ్రీనగర్‌లో డాల్ సరస్సు అంచున నీరు అద్దంలాగా గడ్డకట్టి ఉన్నది. వీధిలో అందరూ లారీ డ్రైవరు సీటుమీద మేము చూసిన పొడుగుచొక్కాలే తొడిగి ఉన్నారు. దాన్ని ఫెరన్ అంటారు. చాలా వదులుగా ఉంటుంది. చలి ఎక్కువైతే చేతులు లోపలికి లాక్కుంటారు, ఖాళీ చేతులు ఊగుతుంటాయి. లోపల చేతుల్లో కాంగ్రీ ఉంటుంది. కాంగ్రీ అంటే వెదురుబుట్టలాగా అల్లిన పుల్లల మధ్య మట్టికుండ, కుండలో బొగ్గు నిప్పులు. ఫెరన్ వదులుగా లేకపోతే కాంగ్రీకి చోటుండదు, గాలికీ చోటుండదు. తలుపులన్నీ మూసి నిప్పులు పెట్టుకుని పడుకోవటం మాత్రం ప్రమాదం, బొగ్గునుంచి వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు. మేము దిగిన ఇంటి ముసలమ్మ రాత్రి పడుకోబోయేముందు కాంగ్రీ బయట పెట్టేది.

ఆవిడ మా గొంగడిని చేత్తో తడిమి, వెలుతురులో పట్టి చూసి, ఏ గొర్రెదని అడిగింది. మా మేనకోడలు ఆవిడ ఫెరన్ చూపించి, "గొంగడికి చేతులు కుట్టినట్టున్నది," అన్నది. న్యాయంగా చెప్పాలంటే, గొంగడి కప్పుకుని ఆ మెట్లవీధుల్లో తిరగటం నావల్ల కాలేదు. జారుతుంది, భుజం లాగుతుంది. పగలు పలచని ఉన్నిబనీను, దానిమీద స్వెట్టరు, దానిమీద గాలికోటు - ఈ మూడే పనికివచ్చాయి. మెట్లెక్కి చెమట పట్టేముందే ఒకటి విప్పటం, ఆగగానే తొడుక్కోవటం మావాడు కూడా నేర్చుకున్నాడు. రాత్రికి మాత్రం గొంగడికోసం పిల్లలిద్దరూ తగవులాడుకున్నారు.

ఇప్పుడు శ్రీనగర్‌దాకా రైలుదారి కూడా పడ్డది. 2025 జూన్‌లో దాన్ని తెరిచారు. బానిహాల్‌లో రోడ్డు మూసినా ఆగనక్కరలేదు.

మేము తిరిగివచ్చేసరికి మా పసుపు ఉడకటం పూర్తయి కల్లంలో ఎండుతున్నది. మా అమ్మ పెట్టె తెరిచి అన్నింటికన్న ముందు గొంగడి తీసి వాసన చూసింది. "టీ ఒలకబోశారా దీనిమీద?" అన్నది. తరవాత జీన్సు తీసి, "ఇవి ఇంకా తడిగా ఉన్నాయేమిట్రా?" అంటూ రెండింటినీ పసుపుకొమ్ముల పక్కనే గోడమీద ఆరవేసింది. సాయంత్రానికి గొంగడి ఆరింది. జీన్సు మర్నాటిదాకా ఆరలేదు.