లూపస్ వ్యాధియు బాలల మనస్సును

చురుకైన బాలిక హఠాత్తుగా పాఠములు మఱచినచో సోమరితనమందుము. ఊరక యేడ్చినచో గాలి సోకినదందుము. ఇట్టి మార్పునకు దేహవ్యాధియు మూలము కావచ్చునని చదువరులు గ్రహింపవలెను.

లూపస్ అనగా లాటిను భాషలో తోడేలు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే శరీరముపై తిరుగబడుట యీ వ్యాధి స్వభావము. ఇది స్త్రీలయందధికము; బాల్యమునందును, యౌవనారంభమునందును గూడ పొడసూపును. చర్మము, కీళ్లు, మూత్రపిండములతోపాటు మెదడును పీడించును. నాడులకును మనస్సునకును దీనివలన గలుగు వికారములను 1999లో అమెరికా కీళ్లవ్యాధుల వైద్యసంఘము 19 విధములుగా విభజించెను. తలనొప్పి, మూర్ఛ, మఱపు, దిగులు, లేని మాటలు వినబడుట, చేతులు తమంత కదలుట వీనిలోనివి.

కొన్ని యేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, ముత్యములవంటి తన యక్షరములు వంకరలు పోవగా, "చేయి నా మాట వినుట లేదండీ, మాస్టరుగారూ" యని కన్నీరు పెట్టుకొనెను. ఇంటివారు భూతవైద్యుని పిలువనెంచిరి. చెక్కిళ్లపై నెఱ్ఱని మచ్చలును, విడువని జ్వరమును జూపి, ముందు వైద్యశాలకు గొనిపొండని బతిమాలితిని. పరీక్షలలో లూపసని తేలెను. "మా బిడ్డకు పిచ్చి కాదుగదా, అయ్యా?" యని తల్లి యడిగెను. వ్యాధియేగాని నింద కాదంటిని.

స్టెరాయిడు మొదలగు మందులచే పెక్కుమందికి నెమ్మది కలుగును. ఆ మందులును ఒక్కొక్కప్పుడు మనస్సును కలతపెట్టును. అయినను వైద్యుని యనుమతిలేక మానరాదు. మార్పు కనబడిన దినమును వ్రాసి తల్లిదండ్రులకు తెలుపుట, పరీక్షలో నధిక సమయమొసగుట, తోడివారి హేళన మాన్పుట ఉపాధ్యాయుల పని.