బల్ల చుట్టూ ఎనిమిదిమంది

బొమ్మలతో చెప్పే కథ అంటే చిన్నపిల్లల కథే అని మన గ్రామాలలో అనేకులు అనుకుంటారు. టీవీలోనో ఫోనులోనో రంగురంగుల బొమ్మలు కదులుతుంటే, పిల్లవాణ్ణి దాని ముందు కూర్చోబెట్టి వంటపనికి వెళ్ళే తల్లులు ఎంతోమంది. అయితే పెద్దలకు మాత్రమే అని ముందుగా చెప్పి మరీ తీసే బొమ్మల కథలు కూడా ఉన్నవి. ‘ద లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా’ అలాంటిదే. అమెరికాలో తయారైన ఈ కథ 2022 జనవరి 28న అమెజాన్ ప్రైమ్ వీడియోలో మొదలైంది. కత్తులు, మంత్రాలు, రెక్కల రాకాసి సర్పాలు, వాటి మధ్య మోటు హాస్యము, ధారగా రక్తము, ఇవన్నీ అందులో ఉన్నవి.

మేమిద్దరము పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులము. హైదరాబాదులో ఉద్యోగము చేసే మా చిన్నబ్బాయి ఈ కథకు గొప్ప అభిమాని. క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కూడా దీనినే చూస్తూ ఒక్కడే నవ్వుకుంటుంటే, అంత నవ్వు దేనికో తెలుసుకుందామని మేమూ ప్రక్కన కూర్చున్నాము.

కథ కంటే ముందు, ఆ కథ పుట్టిన విధము మాకు ఆశ్చర్యము కలిగించింది. 2012లో లయమ్ ఓబ్రయన్ అనే నటుని పుట్టినరోజు సందర్భముగా కొందరు స్నేహితులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆట ఆడారు. వారందరూ బొమ్మల చిత్రాలకు, వీడియో ఆటలకు గొంతు అరువిచ్చేవారు. ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ దానిని లోకానికి ఇచ్చారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. కత్తి దెబ్బ తగిలిందా, తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. వీరిలో కథ నడిపినవాడు మాథ్యూ మెర్సర్. ఒక్కరోజు కొరకు మొదలైన ఆట ఆగలేదు. 2015 మార్చి నుండి వారానికి ఒకసారి, మూడు నాలుగు గంటల చొప్పున, అందరూ చూచేటట్లు ఇంటర్నెట్‌లో ఆడారు. 2017లో ఆ మొదటి కథ ముగిసేసరికి అలాంటి కూడికలు నూరు దాటాయి.

ఆ కథలో కొంత భాగాన్ని 22 నిమిషాల బొమ్మల చిత్రముగా తీయాలని వారు ఆశించారు. ఇందుకు 7,50,000 డాలర్లు కావాలని 2019 మార్చి 4న కిక్‌స్టార్టర్ ద్వారా ప్రజలను అడిగారు. ఒక్క గంటలోపే పది లక్షల డాలర్లు దాటింది. ఏప్రిల్‌లో గడువు తీరేసరికి 88,887 మంది కలిసి 1 కోటి 13 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. చిన్న చిత్రము కాస్తా పెద్ద ధారావాహిక అయింది. గుడికి రేకులు వేయించడానికి మూడు సంవత్సరాలు చందా పుస్తకము పట్టుకుని తిరిగిన మాకు ఈ లెక్క వినగానే నోట మాట రాలేదు.

కథ బయటికి వచ్చినప్పుడు అభిమానుల స్పందన ఒక్క విధముగా లేదు. ఏళ్ళ తరబడి గొంతుల ద్వారానే తెలిసిన పాత్రలు కళ్ళ ముందు నడుస్తుంటే కన్నీరు పెట్టుకున్నవారు ఉన్నారు. ఆట చూడక నేరుగా చిత్రానికి వచ్చినవారిలో కొందరు మాత్రము, మొదటి రెండు భాగాలలో రక్తమూ మోటు మాటలూ మితిమీరాయని విసుగుకున్నారు. అలాంటివారికి అభిమానులు చెప్పే మాట ఒక్కటే, మూడవ భాగము దాకా ఓపిక పట్టమని.

మా అబ్బాయి కూడా అదే అన్నాడు. గ్రాగ్ అనే భారీకాయుని తెలివితక్కువతనము చూచి మాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వు ముగియకముందే తలలు పగలడము, చేతులు తెగడము కనిపించాయి. మా నవ్వు అక్కడే ఆగిపోయింది. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

“ఏరా, మనిషి నరకబడుతుంటే నీకు నవ్వు ఎలా వస్తుంది?” అని వాళ్ళమ్మ అడిగింది.

“తోలుబొమ్మలాటలో కేతిగాడు వచ్చి తన్నులు తింటే మీరు నవ్వలేదా అమ్మా?” అన్నాడు.

కేతిగాని దెబ్బలకు నవ్వామన్న మాట నిజమే. అయితే కేతిగాడు దెబ్బతిని లేచి దులుపుకునేవాడు. ఇక్కడ పడినవాడు లేవడు. ఆ తేడా వాడికి చెప్పాము. వాడు ఒప్పుకోలేదు, మేమూ మా మాట విడువలేదు.

అయితే మూడవ భాగము నుండి నడిచే పెర్సీ కథ మమ్మల్ని కదిలించింది. అతని తలిదండ్రులను, తోబుట్టువులను చంపి, కోటను ఆక్రమించుకున్నవారు ఉన్నారు. వారి పేర్లు అతడు తన తుపాకీ గొట్టాల మీద చెక్కుకుంటాడు. ఆ పగను మేపే చీకటి శక్తి ఒకటి అతణ్ణి పట్టుకుంటుంది. చివరకు ఆ తుపాకీ మీద, బ్రతికి ఉన్న సొంత చెల్లెలి పేరే కనిపిస్తుంది. అతణ్ణి అక్కడినుండి వెనుకకు తెచ్చుకొనేది స్నేహితులు. పొలము గట్టు తగాదాలలో, వాటాల తగాదాలలో మన ఊళ్ళలో ఎందరి జాబితాలు ఇలాగే తోబుట్టువుల దాకా వచ్చాయో మనకు తెలియనిది కాదు.

అప్పుడు వాడిని సూటిగా అడిగాము, ఇంతకూ నీకు నచ్చినది ఏమిటని. కొంతసేపు మాట్లాడలేదు. “గదిలో నలుగురము ఉంటాము నాన్నా. తలా ఒక డ్యూటీ, తలా ఒక ఫోను. కలిసి కూర్చుని అన్నము తిని నెల దాటింది. ఆ ఎనిమిదిమంది ఎంత పని ఉన్నా వారానికి ఒకసారి బల్ల దగ్గరికి వస్తారు. నాకు అదే నచ్చింది” అన్నాడు.

ఆ రాత్రి మాకు వెంటనే నిద్ర పట్టలేదు.

1980 దశకములో అమెరికాలోని అనేక క్రైస్తవ కుటుంబాలు ఈ ఆటను చూచి భయపడ్డాయి. పిల్లలు మంత్రవిద్యలో పడతారని, ఆత్మహత్యలకు పాల్పడతారని ప్రచారము జరిగింది. ఆ మాటలకు ఆధారము దొరకలేదు. అలాంటి భయము మా ఇంట్లో అక్కరలేదని మేము అనుకున్నాము. అట్లని అన్నిటికీ తలుపు తెరువలేదు. మరునాడు బొమ్మల రంగులు చూచి మా ఆరేళ్ళ మనుమరాలు పరుగెత్తుకు వచ్చినప్పుడు, చెప్పకముందే వాడే టీవీ కట్టివేశాడు. ప్రైమ్ వీడియోలో పెద్దల కథలకు రహస్య అంకె పెట్టి తాళము వేయవచ్చని మాకు నేర్పించి, ఆ పూటే వేయించాడు.

ప్రియమైన తలిదండ్రులారా, మీ ఇంట పిల్లలు చూచే బొమ్మలలో ఏమున్నదో ఒక పూట ప్రక్కన కూర్చుని చూడండి. పెద్దలకు మాత్రమే అన్న గుర్తు ఉన్నదేమో ముందే గమనించండి. ఎదిగిన బిడ్డలయితే, ఎందుకు నచ్చిందో అడిగి, జవాబు వచ్చేవరకు ఆగండి.

మా అబ్బాయి గదిలోని నలుగురికీ ఆదివారము రాత్రి డ్యూటీ లేదు. మొన్న వాళ్ళమ్మ రెండు సీసాల గోంగూర పచ్చడి, కిలో అరిసెలు బస్సులో పంపింది. నలుగురూ కలిసి కూర్చున్నప్పుడే మూత తీయాలని చీటీ వ్రాసి పెట్టింది.