అన్యదేశ్యం

మా అబ్బా కళాయి సాయిబు. కొత్తపేటలోనూ చుట్టుపక్కల లంకల్లోనూ ఆయన్ని అందరూ అలాగే పిలిచేవారు. ఆయనకో సొంత పేరుందని రేషన్ కార్డు రాసిన గుమాస్తాకీ, మసీదులో హజరత్‌కీ తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు.

సంక్రాంతి దగ్గర పడుతుంటే అబ్బా అగ్రహారాల వైపు బయల్దేరేవాడు. తిత్తి మోసుకుంటూ వెనకాల నేను. రోడ్డు వార చిన్న గొయ్యి తవ్వి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. ఇత్తడి గిన్నె బాగా కాలాక నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, గుడ్డతో గిర్రున తుడిచేవాడు. పొగకి నా కళ్ళు మండిపోయేవి. పొగ పోయాక చూస్తే గిన్నె లోపలంతా తెల్లగా మెరిసేది. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుమెక్కుతుంది, తిన్నవాళ్ళకి వాంతులవుతాయి. అందుకని సాయిబు రాక తప్పదు. గిన్నెలు అరుగు మీంచి కింద పెట్టేవారు. కళాయి అయ్యాక నీళ్ళు చిలకరించి తీసుకునేవారు. ఆ గిన్నెలోనే చారు కాచుకునేవారు. చిన్నప్పుడు నాకిది వింతగా అనిపించలేదు. లోకం అలాగే ఉంటుందనుకున్నాను.

1979లో తెలుగు ఎమ్మే చదవడానికి వాల్తేరు వెళ్ళాను. రావులపాలెంలో బస్సెక్కి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రాజమండ్రిలో రైలు పట్టుకున్నాను. మా ఇంటి నుంచి గోదావరి దాటి చదువుకోడానికి వెళ్ళిన మొదటివాణ్ణి నేనే. అమ్మీ దువా చదివి పంపింది. అబ్బా మాత్రం "తెలుగు మనకి వచ్చు కదా బేటా, మళ్ళీ చదవడమెందుకు?" అన్నాడు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎటు చూసినా పెద్దల పేర్లే. 1926లో అది పుట్టినప్పుడు మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్. మళ్ళీ 1949 దాకా రెడ్డిగారే. భౌతికశాస్త్రం సూరి భగవంతం చెప్పారు. తర్వాత ఆయన ఉస్మానియాకి ఉపకులపతి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టరు అయ్యారు. రసాయనశాస్త్రానికి తమిళదేశం నుంచి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. భూగర్భశాస్త్రం చెప్పిన సి. మహదేవన్ పేరు విశాఖ తీరాన సముద్రం అడుగునున్న ఒక లోయకి పెట్టారు. ఆ మాట విన్న రోజు సాయంత్రం బీచికి వెళ్ళి చాలాసేపు నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. ఒక పంతులు పేరు సముద్రం కింద కూడా ఉంటుందన్నమాట!

మా తెలుగు శాఖకి తొలి పెద్ద పింగళి లక్ష్మీకాంతం. తర్వాత గంటి జోగి సోమయాజి. నేను వెళ్ళేనాటికి వాళ్ళక్కడ పాఠాలు చెప్పడం లేదు. అయినా పుస్తకాల్లోంచి మమ్మల్ని ఏలుతూనే ఉన్నారు. పింగళి వారి సాహిత్య చరిత్ర, సోమయాజి గారి 'ఆంధ్రభాషా వికాసము' రాత్రిళ్ళు కూర్చుని నోట్సు రాసుకున్నాను. వాటి రుణం నాకుంది. ఈనాటికీ కాదనను.

ఒక రోజు క్లాసులో తెలుగు మాటల్లో రకాలు చెప్తున్నారు. తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం. సంస్కృతంలోంచి వచ్చింది తత్సమం. అరబీ, పారశీకాల్లోంచి వచ్చింది అన్యదేశ్యం. రైతు, జిల్లా, జవాబు, వకీలు, దస్తావేజు... మాస్టారు ఉదాహరణలు చెప్పుకుంటూ పోతున్నారు. అది వ్యాకరణం మాట, అందులో ఎవరి మీదా కోపం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాను.

సంస్కృతమూ బయటినుంచి వచ్చిన భాషే కదా! దాని మాట మనతో 'సమం' ఎలా అయింది? వందలయేళ్ళుగా కోనసీమ చేలో నిలబడ్డ రైతు అన్యదేశ్యుడెలా అయ్యాడు? కాగితం అన్యదేశ్యం, కలం అన్యదేశ్యం. రోజూ నా పేరు పిలిచే హాజరు పట్టీలో హాజరు కూడా అన్యదేశ్యమే. ఆ మాటలన్నీ లేచి బయటికి వెళ్ళిపోతే తెలుగు శాఖలో పాఠమెలా సాగుతుంది? ఇదంతా ఆ రోజు లేచి అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆ రాత్రి నోట్సు మార్జిన్లో ఒక్క మాట రాసుకున్నాను: కళాయి. అదీ అరబీ నుంచి వచ్చిందే.

అప్పటినుంచీ నాకో పిచ్చి పట్టుకుంది. లైబ్రరీలో పాత సంచికలు తిరగేస్తూ, పెద్దల జాబితాల్లో నా పేరులాంటి పేరు వెతికేవాణ్ణి. ఎందుకని మీరు అడగచ్చు. తన పేరులాంటి పేర్లే నిండిన జాబితా చూసేవాడికి ఆ పేర్లు కనపడవు. అందులో తన పేరులాంటిది లేనివాడికి ప్రతి పేరూ కనపడుతుంది.

చివరికి ఒకటి దొరికింది. హుమాయూన్ కబీర్. 1906లో తూర్పు బెంగాల్ ఫరీద్‌పూర్ ప్రాంతంలో పుట్టినవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు పూర్తిచేసుకున్న ఆ కుర్రాణ్ణి రాధాకృష్ణన్ పిలిపించి, 1930ల తొలినాళ్ళలో తత్వశాస్త్రం చెప్పమన్నారు. ఆయన కొద్దికాలమే ఉండి కలకత్తా వెళ్ళిపోయాడు. తర్వాత కేంద్రమంత్రి అయ్యాడు. మౌలానా ఆజాద్ ఉర్దూలో చెప్తుంటే ఇంగ్లీషులో 'ఇండియా విన్స్ ఫ్రీడమ్' రాసిపెట్టింది ఆయనే. 1959లో ఆ పుస్తకం వచ్చింది. ఒక ముస్లిం ఉర్దూలో చెప్పాడు. ఇంట్లో బెంగాలీ మాట్లాడే ఇంకో ముస్లిం దాన్ని ఇంగ్లీషులో రాశాడు. ముస్లిం భాష అంటూ ఒక్కటే లేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

ఆ పేరు దొరికిన రోజు హాస్టల్లో అందరికీ చెప్పాను. వారం రోజులు గర్వంగా తిరిగాను. తర్వాత ఆ గర్వం నాకే నిలవలేదు. ఆ కాలంలోనే కలకత్తా నుంచి హీరేన్ ముఖర్జీ కూడా వచ్చి చరిత్ర, రాజనీతి చెప్పాడు. ఎక్కడెక్కడివాళ్ళనో పిలిచి విశ్వవిద్యాలయాన్ని కట్టినవాళ్ళ పెద్ద మనసు కాదనను. కానీ ఆ తలుపు ఆక్స్‌ఫర్డ్ కబీరుకి తెరుచుకుంది. కళాయి సాయిబు కొడుక్కి తెరిచింది ఆ తలుపు కాదు. 1968 నుంచి 1974 దాకా అక్కడ ఉపకులపతిగా ఉన్న లంకపల్లి బుల్లయ్య గారిని దేశంలోనే తొలి దళిత ఉపకులపతిగా చెప్తారు. నేను వెళ్ళేనాటికి ఆయన లేరు. అయినా ఆ కుర్చీలో ఆయన కూర్చున్నారన్న సంగతి నాకు కబీరు కంటే ఎక్కువ ధైర్యమిచ్చింది. ఆయనది నా మతం కాదు. అరుగు కింద నిలబడడమంటే ఏమిటో ఎరిగిన కులం ఆయనది.

దీనికి ఇంకో వైపు కూడా చూడాలి. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. పాఠ్యపుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి అంతకు ముందే ఒక అనువాద శాఖ పెట్టారు. ఆ ఉర్దూ కొలువులో తెలుగు శాఖకి పెద్ద రాయప్రోలు సుబ్బారావు. బాపట్ల దగ్గరి పల్లెలో పుట్టిన కవి, నిజాం రాజ్యంలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పాడు. ఆయన్ని ఎవరైనా 'మీకు తెలుగెలా వచ్చు?' అని అడిగి ఉంటారా? అడగరు. తెలుగు ఆయన సొంతమని అందరూ ఒప్పుకున్నారు.

నన్ను అడిగారు. ఎమ్మే అయ్యాక ఉద్యోగానికి ఒక ఊళ్ళో ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఊరి పేరు, కాలేజీ పేరు అనవసరం. కాగితాల మీద నా పేరు చూసి ఒక పెద్దాయన "ఇక్కడ ఉర్దూ పోస్టు లేదండి" అన్నాడు.

"తెలుగుకే వచ్చానండి" అన్నాను.

ప్రశ్నలు అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. లేచేటప్పుడు ఆయనే నవ్వుతూ, "మీ తెలుగు భలే బాగుందండీ" అన్నాడు.

ఆయన మంచివాడే కావచ్చు. మెచ్చుకోలుగానే అన్నాడు. కానీ నా పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడితో ఆ మాట అనలేదు. మెట్లు దిగుతుంటే చిన్నప్పటి నీళ్ళ చుక్కలు గుర్తొచ్చాయి. కళాయి గిన్నె మీద చిలకరించిన చుక్కలు. ఆ ఉద్యోగం రాలేదు. మరుసటేడు ఇంకోచోట వచ్చింది. ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను.

ఆ ముప్పయ్యేళ్ళూ నాకు ఆసరాగా నిలిచిన పెద్ద పేరు భద్రిరాజు కృష్ణమూర్తి గారిది. ఆయన వాల్తేరులో సోమయాజి గారి దగ్గర చదువుకుని, అక్కడే పాఠం చెప్పి, తిరుపతి మీదుగా 1962లో ఉస్మానియాకి వెళ్ళి భాషాశాస్త్రానికి పెద్ద అయ్యారు. ఆయన చేసిన పనుల్లో నా గుండెకి తగిలింది మాండలిక వృత్తిపదకోశం. 1962లో వ్యవసాయం సంపుటం, 1971లో చేనేత సంపుటం వచ్చాయి. జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి, అరక దున్నేవాణ్ణీ మగ్గం నేసేవాణ్ణీ అడిగి రాయించిన మాటలవి. పండితుణ్ణి కాకుండా పనివాణ్ణి భాష అడిగిన పుస్తకం. ఏ మాటైనా ముందు వాడుకలో ఉందా అని చూశారు.

అది చూశాక ఒక సెలవుల్లో ఇంటికొచ్చి, నోటుబుక్కు పట్టుకుని అబ్బా ముందు కూర్చున్నాను. అప్పటికే స్టీలు గిన్నెలొచ్చి ఆయన పని పడిపోయింది. తిత్తి అటకెక్కింది. "నా మాటలు రాసుకుంటే ఎవరు చదువుతార్రా?" అని నవ్వాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. కొట్టువాడు నవాసాగరం అనేదాన్ని ఆయన నౌసాదర్ అనేవాడు. తిత్తి అచ్చతెలుగు. గిన్నె తెలుగు. ఒకే వాక్యంలో మూడు నాలుగు భాషలు తిరిగేవి, ఒక్కటీ ఇంకోదాన్ని పక్కకి జరగమనలేదు. ఆయన 1994లో పోయాడు. ఆ పుస్తకం నా దగ్గరుంది.

ఇప్పుడు కొత్తపేట విగ్రహాలకి పేరు. ఇక్కడి శిల్పశాలలో తయారైన నాయకుల విగ్రహాలు ఎక్కడెక్కడి కూడళ్ళలోనో నిలబడ్డాయి. 2022లో మా జిల్లాకి అంబేద్కర్ పేరొచ్చింది. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు సగం అయిన విగ్రహాల్ని చూస్తుంటాను. కళాయి సాయిబుకి విగ్రహం కావాలని నేననను. కబీరు పేరు నా పిల్లలకి చెప్పాను, రాయప్రోలు పేరూ చెప్పాను. పెద్దల జాబితా చదివేటప్పుడు అందులో లేని పేర్లు కూడా వెతకమన్నాను.

మొన్న మనవరాలు ఆ నోటుబుక్కు తీసి చూసింది. మొదటి పేజీలో మొదటి మాట కళాయి. దానికెదురుగా రెండు గళ్ళు గీసి ఉన్నాయి. పుట్టుక అన్న గడిలో అరబీ అని ఉంది. వాడుక అన్న గడిలో కొత్తపేట అని ఉంది.

"ఇందులో ఏది నిజం నానా?" అనడిగింది.

రెండూ నిజమేనమ్మా అన్నాను.