రూపాయి బిళ్ల పైకెక్కిన రాత్రి



బీరంగూడ గుట్ట కింద ఒక రేకుల రూంలో ముగ్గురం ఉంటం. ఇద్దరం జేఈఈ మెయిన్‌కు చదువుతున్నం. మూడోవాడు ఇంటర్‌ల ఫిజిక్స్ పోయినంక పాశమైలారంల హెల్పర్‌గా చేరిండు. రూం కిరాయిల సగం వాడిదే, అది ముందే చెప్పాలె.

మొన్న టెస్టుల ఒక లెక్క మమ్మల్ని ముంచింది. 37 డిగ్రీల వాలు తలం, మీద కిలో దిమ్మె, ఘర్షణ గుణకం 0.5. తలాన్ని ఎత్తు వైపు నుంచి ముందుకు 12 మీ/సె² త్వరణంతో నెడుతున్నరు, దిమ్మె తలం మీద జారుతలేదు. ఘర్షణ ఎంత, ఎటు? ఇద్దరం ఒక్కటే పెట్టినం: 7.6 న్యూటన్లు, పైకి. నాలుగు మార్కులు రాకపోగా ఒకటి కోత.

బి షిఫ్టు దిగి వచ్చినోడు అన్నం తింటూ మా కొట్లాట విన్నడు. "ఘర్షణ లేకపోతే దిమ్మె ఎటు పోతది? అది చెప్పుండ్రి ముందు" అన్నడు. మేం "కిందికే" అన్నం. వాడు నవ్వి, పరీక్ష ప్యాడ్‌ను టిఫిన్ డబ్బాకు ఆనించి రూపాయి బిళ్ల పెట్టిండు. మెల్లగ నెడితే బిళ్ల జారింది. డబ్బాతో సహా గట్టిగ నెట్టిండు, బిళ్ల పైకెక్కింది! ట్రాలీల డబ్బాలు సర్దే చేతికి ఇది కొత్త కాదంట.

అప్పుడు కూసోని లెక్క చేసినం. తలం మీద నిలబడి చూస్తే వాలు వెంట కిందికి బరువు పాలు 6, పైకి మిథ్యా బలం పాలు 0.8 రెట్ల త్వరణం. రెండూ సమానమయ్యేది 7.5 దగ్గర, అక్కడ ఘర్షణ సున్నా. దానికన్న తక్కువైతే ఘర్షణ పైకి, ఎక్కువైతే కిందికి. మాది 12, అంటే 9.6 లోంచి 6 పోతే 3.6 న్యూటన్లు, కిందికి. 7.6 అనేది ఘర్షణ ఇయ్యగలిగిన గరిష్ఠం మాత్రమే. జారనిదానికి గరిష్ఠం రాసుడు మా రెండో తప్పు. జారకుండ నిలిచే హద్దులు కూడా తీసినం, సుమారు 1.82 నుంచి 20 దాకా.

ఫిజిక్స్ పోయినోడే మాకు దిక్కు చూపిండని ఇద్దరికీ సిగ్గయింది. వాడు మాత్రం కంచం కడిగి వచ్చి, "సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిదాక కట్టొచ్చురా?" అని అడిగిండు. ఆ నెల కిరాయి మేమిద్దరం పంచుకుంటమని చెప్పినం. ఇంటికాడ ఇంక చెప్పలేదు.