సైకిలు దిగిన చోటు

హైదరాబాదులో ఇంజినీరింగు చదువుతున్న మా మేనకోడలు సంక్రాంతికి ముందు ఫోను చేసింది. "మావయ్యా, మేం ఆరుగురం సైకిళ్ళమీద కోనసీమ తిరుగుదామనుకుంటున్నాం. లారీలూ బస్సులూ లేని దారులు కావాలి. నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని అమ్మ చెప్పింది" అంది.

కాగితం తీసుకుని కూర్చున్నాను. కాలవగట్లు, ఏటిగట్లు, లంకల్లోకి దిగే బాటలు, కొబ్బరితోటల మధ్య కాలిదారులు, పంటు దాటే రేవులు. పావుగంటలో పేజీ నిండిపోయింది. చివర్న ఒకసారి చదువుకుంటే చెయ్యి ఆగిపోయింది. నేను రాసిన దారుల్లో ఒక్కటీ ఏ ఊరి నడిబొడ్డునుంచీ పోదు. అన్నీ ఊళ్ళ వెనకనుంచి, పేటల పక్కనుంచి, శ్మశానాల పక్కనుంచి పోయేవే.

నాకీ దారులు ఎవరు నేర్పారు? మా అయ్య నేర్పాడు.

నేను 1964లో పుట్టాను. మాది కొత్తపేట దగ్గర ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి దిగువనున్న మాలపేట. మా అయ్య కొబ్బరికాయలు ఒలిచే కూలి. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్టు ఉంది కాబట్టి ఏడాది పొడుగునా ఏదో ఒక చోట ఒలుపు పని దొరికేది. రోజూ నడిచిపోలేక ఒక పాత రాలీ సైకిలు కొన్నాడు. బ్రేకులు ఉండేవి కావు. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య చెప్పు పెట్టి ఆపేవాడు. కాయలొలిచే గునపం బారుకి కట్టుకుని, వెనక క్యారేజీ మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు.

మా పేటనుంచి తార్రోడ్డుకి మైలు దూరం. పెద్దవీధిలోంచి తిన్నగా పోతే చాలు. అయ్య అలా పోయేవాడు కాదు. పేట వెనకనుంచి గట్టెక్కి, కాలవ వెంబడి మూడు మైళ్ళు చుట్టు తిరిగి రోడ్డెక్కేవాడు. "ఇటెందుకయ్యా?" అంటే "గట్టుమీద గాలి బాగుంటాదిరా" అనేవాడు.

నిజంగానే బాగుండేది. కోనసీమలో కొండలు లేవు. మాకు ఎత్తంటే గట్టే. గట్టుమీద నిలబడితే ఒక పక్క కొబ్బరాకుల మీద ఎండ, ఇంకో పక్క కాలవలో పడవ. ఎండాకాలం కాలవ కట్టేశాక అడుగున మిగిలిన నీళ్ళలో పిల్లలు చేపలు పట్టేవాళ్ళు. సాయంత్రం సముద్రం వైపునుంచి గాలి తిరిగేది. అది ఎదురైతే అయ్య సీటుమీంచి లేచి నిలబడి తొక్కేవాడు. మా అయ్యకి గాలంటే ఇష్టమని నేను పన్నెండేళ్ళ దాకా నమ్మాను.

1976లో నేను ఏడో తరగతి. ఒకరోజు అయ్యకి జ్వరం వస్తే సైకిలు తీసుకుని బడికి పోయాను. సీటు అందదు. బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. వచ్చేటప్పుడు ఆకలేసి, దగ్గర దారని పెద్దవీధిలోకి తిరిగాను. వీధి పల్లం. సైకిలు దానంతటదే పోతోంది. బెల్లు కొట్టాను. అరుగుమీంచి ఎవరో "ఎవడ్రా అది? దిగరా!" అన్నారు. నన్ను కాదనుకున్నాను.

సాయంత్రం కబురొచ్చింది. జ్వరంతోనే అయ్య వెళ్ళాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వెనకాల నిలబడి చూస్తున్నాను. "నీ కొడుక్కి మేం కనపడలేదేట్రా?" అన్నారు. "సిన్నోడండీ, తెలీదండీ" అన్నాడు అయ్య. ఆ ఒక్క మాటే నాలుగైదుసార్లు అన్నాడు. సైకిలు మూడు రోజులు వాళ్ళ కొట్టంలో ఉంది. మూడు రోజులూ అయ్యకి పని లేదు. తిరిగిచ్చేటప్పుడు రెండు టైర్లలోనూ గాలి లేదు.

అయ్య నన్ను కొట్టలేదు. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మనడిగాను: "అయితే గట్టుమీద పోయేది గాలి కోసం కాదా?" అమ్మ నావైపు చూసి, "గాలి కోసం ఎవడన్నా రోజూ రెండు మైళ్ళు ఎక్కువ తొక్కుతాడేట్రా, ఎర్రోడా?" అంది.

సైకిలుంటే సరిపోదు. ఎక్కడ దిగాలో తెలిసుండాలి. ఈ చదువు ఏ బళ్ళోనూ చెప్పరు. మా పేటలో సైకిలున్న ప్రతివాడికీ తెలుసు. రావిచెట్టు దగ్గర దిగాలి, గుడి దాటేదాకా నడిపించుకుపోవాలి, చెరువు మలుపులో మళ్ళీ ఎక్కాలి. దిగడానికి మనసొప్పనివాళ్ళు గట్టెక్కేవాళ్ళు. మా అయ్య గట్టెక్కినవాడు. అది భయమో పౌరుషమో నాకిప్పటికీ తెలీదు. రెండూ అనుకుంటాను.

1924లో తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్లమీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం మొదలైంది. ఇరవై నెలలు నడిచింది. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో బావులు, చెరువులు, రోడ్లు అందరివీ అని రాసింది. 1976లో మా ఊరి రోడ్డు ఇంకా వాళ్ళదే.

1985 సంక్రాంతి సెలవుల్లో నేనూ, మాదిగపేట నేస్తమూ చెరో సైకిలు మీద గోదారి ఎగువకి బయల్దేరాం. అప్పటికి మేమిద్దరం డిగ్రీ చదువుతున్నాం. కొండ ఎలా ఉంటుందో చూడాలన్నది మా సరదా. కొత్తపేట, రావులపాలెం దాటి లొల్ల లాకుల దగ్గర ఆగాం. అక్కడ కాలవ చీలి ఒకటి అమలాపురం వైపు, ఒకటి గన్నవరం వైపు పోతుంది. గన్నవరం కాలవ అక్విడెక్టు మీదుగా వైనతేయని దాటి రాజోలు వైపు పోతుంది. కింద ఏరు, మీద కాలవ! ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక చేరి బ్యారేజీ ఎక్కాం. బ్యారేజీ పూర్తయి అప్పటికి మూడేళ్ళు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట గురించి మేం చదువుకున్నాం. ఈ కాలవలు తవ్వి, ఈ గట్లు పోసినవాళ్ళ పేర్లు ఎక్కడన్నా చెక్కారేమోనని మా నేస్తం ధవళేశ్వరంలో వెతికాడు. కనపడలేదు.

ఆ రాత్రి రాజమండ్రిలో హాస్టలు కుర్రాళ్ళ గదిలో పడుకున్నాం. తెల్లారి సీతానగరం మీదుగా పురుషోత్తపట్నం దాటాక మొదటిసారి కొండలు చూశాం. ఎర్రమట్టి, జీడిమామిడి, టేకు. ఒండ్రుమట్టిలో పుట్టినవాళ్ళం, ఎర్ర దుమ్ము చూసి నవ్వుకున్నాం. దారి లేచి, వంగి, మళ్ళీ లేచింది. మా పిక్కలకి ఎత్తు తెలీదు. సగంలో ఊపిరాడక ఇద్దరం దిగాం.

దిగి సైకిళ్ళు నడిపిస్తుంటే మా నేస్తం ఆగిపోయాడు. "ఒరేయ్, మనం ఇప్పుడు దిగింది ఎత్తు కోసంరా. మనిషి కోసం కాదు" అన్నాడు. ఇద్దరం రోడ్డు పక్కన కూచుండిపోయాం. ఏడుపొచ్చిందని చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు.

దేవీపట్నం చేరేలోపు ఒక కొండరెడ్ల గూడెంలో నీళ్ళడిగాం. ఏ ఊరన్నారు. ఏ కులమని అడగలేదు. సొరబుర్రలో నీళ్ళు చేతికిచ్చారు. ఎత్తి పొయ్యలేదు, చేతికే ఇచ్చారు. అప్పుడే దింపిన జీలుగు కల్లు కూడా ఇచ్చారు. ఆ సాయంత్రం పాపికొండల వైపునుంచి వచ్చే గోదారిని చూస్తూ, ఇది మా పేట పక్కనుంచి పోయే ఏరేనా అనుకున్నాం. అవును, అదే నీళ్ళు. ఈమధ్య మళ్ళీ అటు పోలేదు. పోలవరం కాఫర్ డ్యాము లేచాక, 2019 వరదనుంచి దేవీపట్నం వైపు ఊళ్ళు మునుగుతూ వచ్చాయి. మాకు నీళ్ళిచ్చినవాళ్ళ గూడెం ఏమైందో అడగాలంటే భయమేస్తుంది. కాలవ కింద మా డెల్టా పండాలి, ప్రాజెక్టు కింద వాళ్ళ కొండ మునగాలి. ఆ లెక్కలో మనం ఎటువైపున్నామో కూడా మనం చూసుకోవాలి.

ఆ ఏడే జూలై 17న కారంచేడు జరిగింది. సెప్టెంబరులో చీరాలలో దళిత మహాసభ పుట్టింది. మా పేట కుర్రాళ్ళలో నిద్ర పోయింది. 1986 ఏప్రిల్ 14న పదకొండు సైకిళ్ళకి నీలం గుడ్డలు కట్టి, పెద్దవీధిలోంచి బెల్లు కొట్టుకుంటూ పోయాం. రావిచెట్టు దగ్గర ఎవరం దిగలేదు. అరుగులమీద ఒక్కరూ నోరెత్తలేదు. మర్నాటినుంచి పేటలో ఎవరికీ పని చెప్పలేదు. నెల పైన అలాగే సాగింది. అయ్య రావులపాలెం అవతలదాకా పోయి కూలి చేసుకొచ్చాడు. "నీ బెల్లు ఎంత పని చేసిందిరా" అని ఒక్కమాట అనలేదు.

తర్వాత దారి తెరుచుకుంది. నేను టీచరునయ్యాను. ఒకరోజు అయ్యని "ఇప్పుడెవరూ ఆపరు, వీధిలోంచి పోదాం పద" అన్నాను. ఇద్దరం పక్కపక్కన తొక్కుతున్నాం. రావిచెట్టు దగ్గర వెనక్కి చూస్తే అయ్య లేడు. దిగి నడిపించుకొస్తున్నాడు. "ఎవరూ దిగమనలేదురా. కాళ్ళే దిగిపోయినియ్యి" అన్నాడు. 2003లో పోయేదాకా ఆయన ఆ వీధిలో సైకిలు తొక్కలేదు.

అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో సైకిలు అనే మాట చేరింది. దళితుల్నీ ఆదివాసుల్నీ బహిరంగ స్థలాల్లో సైకిలో మోటారుసైకిలో ఎక్కకుండా, చెప్పులూ కొత్త బట్టలూ వేసుకోకుండా అడ్డుకోవడం నేరం. 2016 జనవరి 26నుంచి అమల్లో ఉంది. ఆ వాక్యం చదివినరోజు నాకు మా అయ్య రాలీ సైకిలు గుర్తొచ్చింది. ఢిల్లీలో రాసినవాళ్ళకి మా రావిచెట్టు తెలీదు. కానీ దేశంలో ప్రతి ఊళ్ళోనూ ఒక రావిచెట్టుందని మాత్రం వాళ్ళకి తెలుసు. లేకపోతే సైకిలు పేరెత్తి చట్టం చెయ్యాల్సిన పనేముంది?

2022 మే 24న పెన్షను పనిమీద అమలాపురంలో ఉన్నాను. కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని ఊరేగింపు. మధ్యాన్నం దాటాక రాళ్ళు, సాయంత్రానికి మంటలు. మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. మా అబ్బాయి ఫోను చేశాడు: "నాన్నా, పెద్దరోడ్డు మీంచి రాకు. గట్టెక్కి రా." నలభయ్యారేళ్ళ తర్వాత, రిటైరైన మేష్టార్ని, మోటారుసైకిలు మీద గట్టెక్కాను. ఎదురుగాలి. వెనక ఆకాశంలో పొగ. ఆ రోజు కూడా గట్టుమీద గాలి బాగానే ఉంది. జిల్లా పేరు నిలబడింది. ఆ సాయంత్రం మాత్రం నాలోంచి పోలేదు.

అందుకే మా మేనకోడలికి రాసిన కాగితం చించి మళ్ళీ రాశాను. ఈ దారులు అందమైనవే. అబద్ధం చెప్పను. మమ్మల్ని తోసేసిన చోటే మేం ప్రేమించడం నేర్చుకున్నాం. కానీ వాటిని ఎవరు ఎందుకు వెతుక్కున్నారో తెలియకుండా తొక్కితే, మా అయ్య ఎక్కువ తొక్కిన మైళ్ళు లెక్కలోకి రావు.

కొత్త కాగితంలో మొదటి వరుస ఇది: "పేటలో మా ఇంటి దగ్గర మొదలుపెట్టండి. పెద్దవీధిలోంచి తిన్నగా పోండి. రావిచెట్టు దగ్గర బెల్లు కొట్టండి. దిగొద్దు. కాలవగట్టు రెండో రోజుకి పెట్టుకోండి. అక్కడ గాలి బాగుంటాది."