మూడు వందల జాబితాల్లో మా మామ

మా మేనమామకి పోతిరెడ్డిపల్లిలో చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. చౌరస్తా దాటి కొంచెం లోపలికి వెళ్తే రేకుల షెడ్డు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషను, ముగ్గురు పనివాళ్ళు. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో షాఫ్టు అరిగినా, బుష్షు కావాలన్నా ఆయన దగ్గరికి వస్తుంటారు. వచ్చేవాళ్ళు అనాలేమో. ఎక్కువ పని ఇచ్చే ఫ్యాక్టరీ ఒకటి తన ఆవరణలోనే సొంత మెషిన్ షాపు పెట్టుకున్నాక, రెండో లేత్ సగం రోజులు గుడ్డ కప్పుకునే ఉంటోంది.

మొన్న దసరాకి వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచాడు.

"అల్లుడా, పైసలు గట్టకపోతే గూగుల్ల మనం కిందికి పోతమంట. నిజమేనా?"

"ఎవరన్నరు మామా?"

"పోయినేడు కట్టించుకున్నోళ్ళే. రెన్యువల్ జెయ్యకుంటే మన పేరు అన్నిట్లకెళ్ళి తీసేస్తరంట."

పోయినేడు కట్టిన సంగతి నాకు తెలీదు. పన్నెండు వేలు. ఆయన వెబ్‌సైట్ 2018లో చేసిచ్చింది నేనే. నాలుగు పేజీలు, మిషన్ల ఫోటోలు, ఫోన్ నంబరు. ఆ తర్వాత దాన్ని నేను ముట్టుకోలేదు. ఆయన నన్ను అడగకుండా బయటివాళ్ళకి ఎందుకు కట్టాడో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ "వీకెండ్ చూస్తా మామా" అన్నాను.

"మూడు వందల డైరెక్టరీలల్ల పెట్టిన్రు, లిస్టు గూడ ఇచ్చిన్రు," అని వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫైల్ పంపాడు. దాన్ని తెరవగానే నాకు కడుపులో ఏదోలా అయింది. వరస నంబరు, సైట్ అడ్రసు, కేటగిరీ, టైటిల్, వివరణ, స్టేటస్. ఆ కాలమ్స్ నాకు తెలుసు. ఆ వరసలోనే తెలుసు. 2009లో, బీటెక్ మూడో సంవత్సరంలో, సరిగ్గా ఇలాంటి షీట్లు నింపి నేను మొదటి సంపాదన సంపాదించాను.

అమీర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండేది ఆఫీసు. సెలవుల్లో ఆరుగురం కూర్చునేవాళ్ళం. ఒక్కో లిస్టింగ్‌కి రూపాయి. ఎక్కడో అమెరికాలో ఉన్న దంతవైద్యుడి వెబ్‌సైట్‌ని, టైల్స్ కంపెనీని, పెళ్ళి ఫోటోగ్రాఫర్‌ని తీసుకెళ్ళి వందల డైరెక్టరీల్లో పెట్టాలి. చాలావరకు ఆ డైరెక్టరీలన్నీ ఒకే ఉచిత స్క్రిప్టు మీద నడిచేవి, పైన రంగు, పేరు మాత్రం వేరు. ఒకే వివరణని పది రకాలుగా తిప్పి రాయడం అక్కడే నేర్చుకున్నాను. (సమీక్షలు రాయడం మొదలుపెట్టాక ఈ విద్య ఎంత ప్రమాదకరమో అర్థమైంది.) స్టేటస్ కాలమ్‌లో 'సబ్మిటెడ్' అని రాయాలి. 'అప్రూవ్డ్' అనే కాలమ్ లేనే లేదు. ఎవరైనా అక్కడ చేర్చుకున్నారా, చేర్చుకుంటే ఆ పేజీని ఒక్క మనిషైనా చూశాడా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ డబ్బుతో సుల్తాన్ బజార్‌లో పాత పుస్తకాలు కొనుక్కున్నాను.

అలా ఎందుకు చేయించేవాళ్ళో చెప్పాలి. 1998లో గూగుల్ మొదలైనప్పుడు దాని కొత్త ఆలోచన ఇది: ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఉందంటే, అది ఒక రకంగా సిఫారసు. ఎక్కువమంది, అందులోనూ పేరున్నవాళ్ళు సిఫారసు చేసిన పేజీ పైకొస్తుంది. ఊళ్ళో అప్పుకి హామీ సంతకం లాంటిదే. ఎవరు పెట్టారన్నదాన్ని బట్టి దాని విలువ. అయితే సంతకానికి విలువుందని తెలిశాక సంతకాలు అమ్మేవాళ్ళు వస్తారు. ఐదు రూపాయలకి ఎవరికైనా సంతకం పెట్టే మనిషి సంతకం కొన్నాళ్ళకి ఏ షావుకారు దగ్గరా చెల్లదు. డైరెక్టరీలకి జరిగింది ఇదే.

మొదట్లో అవి అలాంటివి కావు. యాహూ పుట్టిందే 1994లో ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు తమకి నచ్చిన సైట్లని వర్గాలుగా రాసిపెట్టుకున్న జాబితాగా. 2001 చివరికొచ్చేసరికి వ్యాపార సైట్ల దగ్గర ఏడాదికి 299 డాలర్లు తీసుకోవడం మొదలుపెట్టారు. ఇక్కడొక సన్నని గీత ఉంది, నాకది చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ డబ్బు చేర్చుకోవడానికి కాదు, పరిశీలించడానికి. చూసి వద్దనొచ్చు, వద్దన్నా డబ్బు వెనక్కి రాదు. ఇంకోవైపు 1998లో మొదలైన డీమాజ్ ఉండేది, స్వచ్ఛంద సంపాదకులు ఉచితంగా నడిపింది. అమీర్‌పేటలో మేము అందులోకీ పంపేవాళ్ళం. నాకు తెలిసి ఒక్కటీ తీసుకోలేదు. మా మేనేజరుకి అదొక మూలనపడ్డ సైటు. అప్పట్లో నాకూ అంతే. మమ్మల్ని వద్దనగలిగింది కాబట్టే అందులో ఉండటానికి విలువ అని ఇప్పుడు అనిపిస్తోంది.

తెలుగులో మనకి దగ్గరి ఉదాహరణ కూడలి. బ్లాగుల కాలంలో కూడలి, జల్లెడ, హారం, తర్వాత మాలిక. నా మొదటి సమీక్షని, అదీ అచ్చుతప్పులతో నిండినదాన్ని, ముప్ఫై మంది చదివారంటే కూడలిలో కనిపించబట్టే. పైసా కట్టలేదు. అది గూగుల్‌లో నన్ను పైకి లేపిందో లేదో నాకు పట్టలేదు. పొద్దున లేచి ఆ పేజీ తెరిచే మనుషులున్నారు, అంతే. మామ షీట్‌లోని మూడు వందల సైట్లనీ పొద్దున లేచి తెరిచేవాడు ప్రపంచంలో ఒక్కడూ లేడు.

ఆ రాత్రి మామ ఇంట్లోనే కూర్చుని ఒక్కొక్కటీ తెరిచాను. మూడో వంతు అసలు తెరుచుకోలేదు. కొన్ని జూదం సైట్లైపోయాయి. కొన్నింట్లో మామ వర్క్‌షాపు 'హెల్త్ అండ్ బ్యూటీ' కింద ఉంది. దొరికిన చోట లింకుకి చాలావరకు నోఫాలో ముద్ర ఉంది. అంటే దీన్ని సిఫారసుగా లెక్కపెట్టొద్దని సెర్చ్ ఇంజిన్‌కి చెప్పే గుర్తు, 2005 నుంచి వాడుకలో ఉన్నదే. వెబ్‌సైట్ లాగ్స్ తీసి చూశాను. ఏడాదిలో ఆ మూడు వందల చోట్ల నుంచి మనిషన్నవాడు వచ్చిన జాడ లేదు. వచ్చినవి బాట్లు.

మరి తీసేస్తే పడిపోతాడా? 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కొన్న లింకులతో ఎదిగిన సైట్లు ఒక్కసారిగా కిందికి పోయాయి. అప్పుడు తమాషా ఏమిటంటే, చేర్చడానికి డబ్బు తీసుకున్న కొన్ని డైరెక్టరీలే తీసెయ్యడానికీ డబ్బు అడిగాయి. నేను పెట్టించిన దంతవైద్యుడు కూడా ఆ క్యూలో నిలబడి ఉండొచ్చు. 2016 నుంచి అలాంటి లింకుల్ని శిక్షించడం కన్నా లెక్కలోంచి తీసెయ్యడం వైపు మళ్ళారు. కాబట్టి మామ సంగతి చాలా మామూలు: ఉన్నందువల్ల లాభం లేదు, పోయినందువల్ల నష్టం లేదు. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, డీమాజ్ 2017 మార్చిలో మూతబడ్డాయి. వాళ్ళు పోయినా వాళ్ళ నీడలో పుట్టిన వ్యాపారం మాత్రం సంగారెడ్డి దాకా వచ్చింది.

డబ్బు కట్టి ఎక్కడా పేరు పెట్టించుకోవద్దని నేననను. కొనేవాళ్ళు నిజంగా వెతికే వ్యాపార జాబితాలున్నాయి. వాటికి కట్టడం ప్రకటనకి కట్టడమే, ఎన్ని ఫోన్లొచ్చాయో లెక్కపెట్టుకుని ఉంచుకోవచ్చు, మానుకోవచ్చు. గూగుల్‌లో స్థానం కోసం కట్టడం అది కాదు. మన సాహిత్యంలోనూ ఉందిది. "మీ కవిత సంకలనంలో వేస్తాం, ఐదు వందలు పంపండి" అని నాకూ మెసేజ్‌లు వచ్చాయి. ఏ కవిత అని అడగరు. ఆ పుస్తకం అందులో ఉన్నవాళ్ళు కొనుక్కుంటారు, తమ పేజీ చూసుకుంటారు, అటకెక్కిస్తారు. అయినా పంపినవాళ్ళని చూసి నవ్వలేను. నవ్వాలంటే వాళ్ళ కవితల్ని ఎప్పుడైనా చదివుండాలి కదా, విమర్శకుడినని చెప్పుకునేవాణ్ణి.

అసలు తప్పు ఎక్కడుందో రాత్రి ఒంటిగంటకి దొరికింది. మ్యాప్‌లో మామ వర్క్‌షాపు హైవేకి అవతల ఉంది. 2018లో షెడ్డు అక్కడే ఉండేది. 2020లో ఇటు మారాడు, నేను మార్చలేదు. వెబ్‌సైట్‌లోనూ పాత అడ్రసే. స్థానిక వెతుకులాటలో గూగుల్ చూసేది మూడని వాళ్ళే చెప్తారు: అడిగినదానికి సంబంధం ఉందా, ఎంత దూరం, ఎంత పేరుంది. డబ్బుతో ఆ స్థానం కొనుక్కునే దారి లేదనీ వాళ్ళే చెప్తారు. రాత్రి షిఫ్టులో మిషను ఆగిపోయిన సూపర్‌వైజరు ఫోన్‌లో 'దగ్గర్లో లేత్ వర్క్' అని వెతికి, బండేసుకుని వచ్చి, మూసేసిన షట్టరు ముందు నిలబడి వెళ్ళిపోయి ఉంటాడు. ఎంతమంది అలా వెళ్ళారో ఏ షీట్‌లోనూ ఉండదు.

పొద్దున మామకి చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన తిడతాడనుకున్నాను. "గట్లనా," అన్నాడంతే. ఇద్దరం షెడ్డు దగ్గరికెళ్ళి బోర్డు కనిపించేలా ఫోటోలు తీశాం. పిన్ను జరిపాను. పాత కస్టమర్లు ఇద్దరు ముగ్గురికి రివ్యూ రాయమని ఆయనే ఫోన్ చేశాడు. ఒకాయన "నీ పనికి రివ్యూ ఏంది, షాఫ్టు తిరుగుతుంది గదా" అన్నాడట. నెల దాటింది. మ్యాప్ చూసి వచ్చామన్నవాళ్ళు నలుగురు. రెండో లేత్ మీద గుడ్డ ఇంకా పూర్తిగా తీయలేదు.

ఆ రెన్యువల్ పిల్లాడు నేనున్నప్పుడే మళ్ళీ ఫోన్ చేశాడు. మామ స్పీకర్ ఆన్ చేశాడు. ఇరవై, ఇరవై రెండేళ్ళుండొచ్చు గొంతు. బట్టీపట్టిన ముక్కలు గబగబా చెప్తున్నాడు, వెనకాల ఇంకా నలుగురైదుగురు అవే ముక్కలు చెప్తున్న గోల. నేను మాట్లాడతానని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"బాబూ, వద్దు గని," అన్నాడు మామ, "ఒక్క లిస్టుకు నీకెంతిస్తరు?"

అటువైపు కాసేపు ఏం వినపడలేదు. తర్వాత, "అట్ల ఉండదు సార్, టార్గెట్ ఉంటది," అన్నాడు మామూలు గొంతుతో.

"తిన్నవా మరి?"

"ఇంక లేదు సార్."