కంచె లేని కాలువల ఊరిలో ఒక రోజు

సెలవుల్లో యూరప్ వెళ్లొచ్చామని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని దేశాలు చూశారు?" అని. మేం చూసింది ఒకటే. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి ఇంటికి వెళ్లాం. అక్కడున్న రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో టికెట్లూ, టైమ్‌టేబులూ లేకుండా ఊరికే నడిచిన ఒక రోజు గురించి తోటి తల్లిదండ్రులతో చెప్పాలనిపించింది.

ఉదయం పదింటికి సెంట్రల్ స్టేషన్‌లో దిగాం. నేను, ఈ ఏడాది ఆరో తరగతికి వచ్చిన మా అమ్మాయి, తమ్ముడు, ఏడేళ్ల మా మేనల్లుడు. ముందుగా డామ్ అనే కూడలికి నడిచాం. అక్కడున్న రాజభవనాన్ని 1648లో టౌన్‌హాల్‌గా కట్టడం మొదలుపెట్టారట. అది మెత్తటి నేల కాబట్టి, కింద గట్టి ఇసుక పొర తగిలేదాకా దుంగలు దిగ్గొట్టి, వాటి మీద కట్టారు. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం ఆ కర్ర కుళ్లదు. దుంగలెన్నో తెలుసా? 13,659. "గుర్తుపెట్టుకోవడం తేలికే. ఏడాదికి 365 రోజులు కదా, ముందు 1, వెనక 9 పెట్టు" అన్నాడు తమ్ముడు. అక్కడి బడిపిల్లలు అలాగే గుర్తుపెట్టుకుంటారట. మా అమ్మాయికి ఆ అంకె ఇప్పటికీ నోటికొచ్చు.

అక్కడి నుంచి పడమటివైపు నడిస్తే ఒకదాని తర్వాత ఒకటిగా కాలువలు. హేరన్‌ఖ్రాఖ్ట్ అంటే పెద్దమనుషుల కాలువ, కైజర్స్‌ఖ్రాఖ్ట్ అంటే చక్రవర్తి కాలువ, ప్రిన్సన్‌ఖ్రాఖ్ట్ అంటే యువరాజు కాలువ. 1613లో తవ్వడం మొదలైన ఈ కాలువల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గట్ల మీద ఇరుకిరుకుగా, ఎత్తుగా పాతకాలపు ఇళ్లు. చాలా ఇళ్లు కొంచెం ముందుకు ఒరిగి ఉంటాయి. పైన ఒక దూలం, దానికి కొక్కెం. మెట్లు మరీ ఇరుకు కావడంతో బీరువాలూ, మంచాలూ తాడుతో పైకి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకుంటారు. ఇల్లు ముందుకు వంగి ఉంటే సామాను గోడకు కొట్టుకోదు. "అయితే ఇళ్లు వంకరగా లేవన్నమాట, తెలివిగా ఉన్నాయి" అంది మా అమ్మాయి.

మధ్యాహ్నం ప్రిన్సన్‌ఖ్రాఖ్ట్ పక్కన బెంచీ మీద కూర్చుని మా మరదలు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. కాస్త దూరంలోనే ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇల్లు. లోపలికి వెళ్లలేదు. ఆమె పదమూడేళ్ల వయసులో, 1942లో అక్కడికి వచ్చి రెండేళ్లకు పైగా బయటి గాలి లేకుండా గడిపిందని చెబితే, మా అమ్మాయి ఆ గట్టు వైపూ చెట్ల వైపూ చాలాసేపు చూస్తూ కూర్చుంది.

అప్పుడే నా దృష్టి నీళ్ల అంచు మీద పడింది. చాలాచోట్ల కంచె లేదు, పిట్టగోడ లేదు. ఉంటే మోకాలి ఎత్తు ఇనుప కమ్మీ, అంతే. మా మేనల్లుడు ఆ అంచున మామూలుగా నడిచిపోతున్నాడు. నేనేమో పొద్దుటి నుంచి మా అమ్మాయి చెయ్యి వదల్లేదు. వాడికి నీళ్ల భయం లేదు గానీ సైకిళ్ల భయం ఉంది. "అత్తా, సైకిల్ వస్తోంది, పక్కకు జరుగు!" అని నన్నే లాగాడు.

"ఊరంతా కంచె కట్టడం కుదిరే పని కాదక్కా. అందుకే ఇక్కడ పిల్లలకు ఈత నేర్పిస్తారు" అన్నాడు తమ్ముడు. ఏ, బీ, సీ అని మూడు ఈత సర్టిఫికెట్లు ఉంటాయట. మొదటి పరీక్షే బట్టలతో, బూట్లతో. నీటి అడుగున వేలాడదీసిన పట్టాలో ఒక రంధ్రం ఉంటుంది, అందులోంచి దూరి రావాలి. పొరపాటున కాలువలో పడే పిల్ల స్విమ్మింగ్ డ్రెస్‌లో ఉండదు కదా!

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. నా ఎనిమిదో తరగతి వేసవిలో మా పెద్దనాన్నగారి అబ్బాయి చెరువులో స్నానానికి దిగి తిరిగి రాలేదు. ఆ తర్వాత మా ఇంట్లో జాగ్రత్త అంటే ఒకటే మాట, "నీళ్ల దగ్గరికి వెళ్లకు." దుఃఖంలోంచి పుట్టిన మాట అది, తప్పు పట్టలేం. కానీ మనకూ చెరువులున్నాయి, వాగులున్నాయి, పంట కాలువలున్నాయి. సెలవుల్లో తాతగారి ఊరు వెళ్లే పిల్లల పక్కన మనం ప్రతి నిమిషం ఉండగలమా?

రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు ఉంది. తిరిగి స్టేషన్‌కి నడుస్తూ "అమ్మా, నేనూ నేర్చుకుంటాను" అంది. సరేనన్నాను.

ఇంటికొచ్చాక చేర్పించాం. మీరూ చేర్పించేటట్లయితే కొన్ని చూసుకోండి. కోచ్ పిల్లల దగ్గరే ఉంటారా, లైఫ్‌గార్డ్ ఉన్నారా, చిన్నపిల్లలకు లోతు తక్కువ కొలను విడిగా ఉందా అని అడగండి. ఈత వచ్చినా సరే, పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు ఒక పెద్దవారి కళ్లు ఫోన్ మీద కాకుండా వాళ్ల మీదే ఉండాలి.

మొదటి వారం మా అమ్మాయి నీళ్లలో ముఖం పెట్టడానికే భయపడింది. ఇప్పుడు వెల్లకిలా తేలుతోంది. గట్టు మీద కుర్చీలో కూర్చున్న నాకు మాత్రం ఇంకా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. అయినా రోజూ వెళ్లి కూర్చుంటున్నాను.

— ఆరో తరగతి విద్యార్థిని తల్లి